దారి అడగడానికి బిడియమెందుకు?

గద్వాల రైల్వే స్టేషన్లో దిగి కోటకు ఎటు పోవాలని అడిగితే ఎవరైనా చెబుతారు. కానీ అడిగేదెవరు? వెంట అన్నయ్యో నాన్నగారో ఉంటే వాళ్లే అడుగుతారు. అమ్మాయి సంచీ పట్టుకుని రెండడుగులు వెనక నిలబడుతుంది. అందులో తప్పుందని ఇంట్లోవాళ్లకూ తోచదు, ఆమెకూ తోచదు. ఇప్పుడు ఆ అమ్మాయే రాత్రిళ్లు పుస్తకం ముందేసుకుని 'వో ఇస్ట్ డెర్ బాన్‌హోఫ్?' అని వల్లె వేస్తోంది. జర్మన్ భాషలో 'రైల్వే స్టేషన్ ఎక్కడుంది?' అని అర్థం.

గద్వాలలో జర్మన్ ఏమిటని నవ్వుకోకండి. నర్సింగ్ చదివిన మన అమ్మాయిలకు జర్మనీ ఆసుపత్రులు ఇప్పుడు అందని చోట్లు కావు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు ఆ భాష నేర్పించి పంపే పని చేపట్టింది. అక్కడ నర్సుగా పూర్తి గుర్తింపు రావాలంటే సాధారణంగా బి2 స్థాయి దాకా చదవాలి. మొత్తం ఆరు మెట్లలో అది నాలుగోది. మొదటి మెట్టు ఎ1. పెళ్లయి భర్త దగ్గరికి వెళ్లేవాళ్లకు కూడా 2007 నుంచి ఈ ఎ1 తప్పనిసరి అయింది (భర్త బ్లూ కార్డు మీద ఉండటం వంటి కొన్ని సందర్భాల్లో మాత్రం మినహాయింపు ఉంది). ఇక ఎం.ఎస్. చదవబోయేవాళ్లకు పాఠాలు ఇంగ్లీషులో దొరకవచ్చు గానీ, మందుల షాపు బోర్డూ బస్సు డ్రైవరు మాటా ఇంగ్లీషులో ఉండాలని ఎక్కడుంది?

ఎ1 పరీక్షలో చదవడం, రాయడం, వినడంతో పాటు మాట్లాడటం కూడా ఉంటుంది. గరిష్ఠంగా నలుగురిని కలిపి కూర్చోబెడతారు. ఎవరి గురించి వాళ్లు చెప్పుకోవాలి. తర్వాత చీటీ తీసి, అందులో ఉన్న మాటతో పక్కవాళ్లను ఒక ప్రశ్న అడగాలి. వ్యాకరణం అంతా వచ్చిన పిల్ల కూడా సరిగ్గా ఇక్కడే తల దించుకుంటుంది. ఆమెకు రానిది జర్మన్ కాదు. ముక్కూ మొహం తెలియని మనిషిని ఆపి మాట అడగడం ఆమెకు అలవాటు లేదు, అంతే. కాలేజీకి తమ్ముడు బండి మీద దింపుతాడు, బ్యాంకుకు నాన్న వస్తారు. ఇరవై రెండేళ్లు ఉన్న ఊళ్లోనే పోస్టాఫీసు ఏ సందులో ఉందో తెలియని అమ్మాయిలను మేమెరుగుదుం.

నిజానికి భాష మనకు అంత కష్టమేం కాదు. గద్వాల సంతలో కూరలమ్మే అక్కను చూడండి. తెలుగులో బేరం మొదలుపెట్టి, ఉర్దూలో ధర చెప్పి, రాయచూరు వైపు నుంచి వచ్చిన మనిషితో కన్నడంలో నాలుగు ముక్కలు మాట్లాడుతుంది. ఆమెకెవరు పరీక్ష పెట్టారు? జర్మన్‌లో కూడా మనకు కలిసొచ్చేవి చాలా ఉన్నాయి. కొత్తవారిని 'జీ' అనాలి, ఇంట్లోవారిని 'డూ' అనాలి. మనకు మీరు, నువ్వు ఉన్నట్టే. 'స్టేషన్ ఎక్కడుందో చెబుతారా?' అని మర్యాదగా అడగాలంటే 'క్యొనెన్ జీ మియర్ జాగెన్, వో డెర్ బాన్‌హోఫ్ ఇస్ట్?' అంటారు. 'ఉంది' అనే ఆ 'ఇస్ట్' మన 'ఎక్కడుందో'లో లాగే చివరికి పోయి కూర్చుంది, చూశారా! ఇంగ్లీషు మీడియం కాదే అని బాధపడే పిల్లలకు ఈ ఒక్క సంగతి చెప్పండి.

చిక్కల్లా లింగాలతో. స్టేషన్ పుంలింగం, అందుకని 'డెర్'. పోస్టాఫీసు స్త్రీలింగం, 'డి పోస్ట్'. ఆసుపత్రి నపుంసకం, 'డాస్ క్రాంకెన్‌హౌస్'. ఆడపిల్ల అనే మాట కూడా నపుంసకమే, 'డాస్ మేట్‌షెన్'. ఇదేం అన్యాయమని కోపం వస్తుంది గానీ మనం మాత్రం తక్కువ తిన్నామా? 'బస్సు వచ్చింది' అంటాం, 'అమ్మ వచ్చింది' అంటాం. 'వచ్చాడు' మాత్రం మగవాడికి విడిగా దాచిపెట్టాం.

పాఠ్యపుస్తకంలో ఊరంటే చర్చి, మ్యూజియం, నది మీద వంతెన. వాటిని పక్కనపెట్టి మన ఊళ్లనే పటం గీసుకుంటే మాటలు తొందరగా పట్టుబడతాయి. గద్వాల కోట 'డి బుర్గ్', లోపల చెన్నకేశవస్వామి గుడి 'డెర్ టెంపెల్'. సంస్థానాన్ని ఏలిన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరున్న డిగ్రీ కాలేజీ కూడా పటంలో ఉండాల్సిందే. వనపర్తిలో రాజావారి ప్యాలెస్ ఇప్పుడు పాలిటెక్నిక్. ప్యాలెస్‌ను 'డాస్ ష్లోస్' అంటారు, తాళాన్నీ అదే మాటతో అంటారు. వనపర్తి రోడ్డు స్టేషన్ వనపర్తిలో లేదు, మదనాపురం దగ్గర ఉంది. అందుకని 'ఇస్ట్ ఎస్ వైట్?' (దూరమా?) అన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి చోటు దొరకదు. నాగర్‌కర్నూల్ వాళ్లకైతే ఇంకా సరదా. అక్కడి కేసరి సముద్రం పేరుకు సముద్రం, నిజానికి చెరువు. జర్మన్‌లో 'డెర్ జే' అంటే చెరువు, 'డి జే' అంటే సముద్రం. ముందున్న చిన్నమాట మారితే నీళ్లు ఉప్పగా మారిపోతాయి!

తల్లులకు ఒక మాట. కోచింగుకు, ఏజెంటుకు లక్షలు కట్టే ముందు టామ్‌కామ్‌లోనూ హైదరాబాదులోని గోతె జెంట్రుమ్‌లోనూ విచారించండి. నెల రోజుల్లో బి2 చేయిస్తామనేవాళ్ల మాట నమ్మకండి. ఇంకొకటి, డబ్బు ఖర్చు లేనిది. పై ఆదివారం అమ్మాయిని ఒంటరిగా బస్సెక్కించండి. గద్వాల పిల్లను వనపర్తికి, వనపర్తి పిల్లను నాగర్‌కర్నూల్‌కు. తమ్ముడిని వెంట పంపకండి. ఫోన్లో మ్యాపు చూడకుండా బస్టాండులో దిగి ప్యాలెస్ యాడుంది, చెరువు ఎటు, సీదా పోవాల్నా, ఎడమకు తిరగాల్నా అని ముగ్గురిని అడిగి చేరుకోవాలి. ఒకరు విసుక్కుంటారు, ఒకరు తప్పు దారి చూపిస్తారు, మూడో ఆమె చేయి పట్టుకుని మలుపు దాకా తీసుకుపోతుంది. రాత్రి ఇంటికొచ్చాక అదే దారిని 'గెరాడెఔస్, లింక్స్, రెష్ట్స్' అంటూ మీకు చెప్పమనండి. మీకు అర్థం కాకపోతే మళ్లీ అడగండి. 'నోఖ్ మాల్, బిట్టె' అంటే 'ఇంకోసారి చెప్పవూ' అని.