రోడ్డు దాటే హక్కు ఎవరి లెక్కలో ఉంది?

ఉస్మానియా క్యాంపస్ దాటి తార్నాక చౌరస్తాకు రాగానే నడిచేవారికి పరీక్ష మొదలవుతుంది. హాస్టల్ విద్యార్థులు, ఆర్టీసీ ఆస్పత్రికి వచ్చే రోగులు, మాణికేశ్వరినగర్ వడ్డెర బస్తీ నుంచి పనులకు వెళ్లే మహిళలు వాహనాల సందు కోసం ఎదురుచూడాల్సిందే.

జీబ్రా గీతలు ఎక్కడ వేయాలన్నదానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఒక సూత్రం ఇచ్చింది. రద్దీ గంటలో రోడ్డు దాటే పాదచారుల సంఖ్యను వాహనాల సంఖ్య వర్గంతో గుణించాలి. డివైడర్ ఉన్న రోడ్డుపై ఆ లబ్ధం 20 కోట్లు దాటాలి. పాదచారులు రెట్టింపైతే లబ్ధం రెండు రెట్లే. వాహనాలు రెట్టింపైతే నాలుగు రెట్లు. భయంతో దాటడం మానుకున్నవారు ఈ లెక్కలోకే రారు. తెల్లవారకముందే నగరపు రోడ్లు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులూ రారు. వారిలో దళిత మహిళలే ఎక్కువ. సూత్రంలో కులం ప్రస్తావన లేదు. అది వదిలేసిన మనుషుల్లో మాత్రం కులం స్పష్టంగా కనిపిస్తుంది.

1924లో తిరువాన్కూరు సంస్థానంలోని వైకోంలో అవర్ణులు సత్యాగ్రహం చేసింది ఆలయం చుట్టూ ఉన్న రోడ్లపై నడిచే హక్కు కోసమే. ఆనాటి నిషేధాలు చట్టంలో లేవు. అయినా రోడ్డును ఎవరి అవసరాల మేరకు తీర్చిదిద్దాలన్న ప్రశ్న మిగిలే ఉంది.

జీహెచ్‌ఎంసీ, ట్రాఫిక్ పోలీసులు తెల్లవారుజామున, రాత్రి వేళల్లో కూడా లెక్కలు తీయాలి. దాటలేక చుట్టూ తిరిగిపోయేవారిని బస్తీల్లో, హాస్టళ్లలో అడిగి తెలుసుకోవాలి. గీతతోపాటు వాహనాన్ని ఆపే సిగ్నల్ ఉండాలి. స్కాలర్‌షిప్పులు, ఉద్యోగాల కోసం పోరాడే విద్యార్థి సంఘాలు ఈ డిమాండునూ తమ వినతిపత్రంలో చేర్చాలి.