నేపథ్యశబ్దమా? ధ్వనియా?

చలనచిత్రవిమర్శలో శబ్దమును ‘నేపథ్యశబ్ద’మని పేర్కొనుట పరిపాటియైనది. దృశ్యమును వెన్నంటి నడచుటయే దాని పని యను భావము ఈ పేరున నిమిడి యున్నది. 1928లోనే ఐజెన్‌స్టీన్, పుడోవ్‌కిన్, అలెగ్జాండ్రోవ్ దీనిని కాదని, శబ్దమును దృశ్యమునకు ఎదురుగ నిలిపి ప్రయోగింపవలెననిరి. ఋత్విక్ ఘటక్ దర్శకత్వమున వెలువడిన వంగచిత్రము ‘మేఘే ఢాకా తారా’ (1960) చూచినవారికి ఇందలి సత్యము బోధపడును. ప్రియుడు తనను విడనాడెనని యెరిగి నీత మెట్లు దిగుచుండగా కొరడాదెబ్బ వినవచ్చును. తెరపై కొరడా లేదు, కొట్టువాడును లేడు. ఆ దెబ్బ ప్రియునిదా, ఆమె సంపాదనపై బ్రదుకు కుటుంబముదా, ఆ కుటుంబమును కాందిశీకులను జేసిన దేశవిభజనముదా యన్నది ప్రేక్షకుడే యూహింపవలెను. దృశ్యమును శబ్దమును వేరుచేసినచో ఆ యర్థము పుట్టదు. ఆనందవర్ధనుడు కావ్యమున వ్యంగ్యప్రాధాన్యమును ‘ధ్వని’ యనెను. ఆ పేరు ఇచట రెండువిధముల చెల్లును. నేపథ్యమనగా నటులు వేషము వేసికొను చోటు గదా! ఈ కొరడాదెబ్బకు ఆ మాట యెట్లును పొసగదు.