ఆట పాతదే... జట్టే కొత్తది!

జామకు పేరున్న కోహీర్‌లోనైనా, హైదరాబాద్‌లోనైనా ఓ తరం కుర్రాళ్లకు కంప్యూటర్లో క్రికెట్ అంటే 2006లో వచ్చిన 'ఈఏ క్రికెట్ 07'. హక్కుల్లేక అందులో మనవాళ్లకు మారుపేర్లే! సచిన్‌ని సచిన్‌గా ఆడించాలంటే ముందు పేరు దిద్దుకోవాల్సిందే. ఆ తర్వాత కంపెనీ కొత్త క్రికెట్ ఆట తేలేదు. పని అభిమానుల మీద పడింది. ఐపీఎల్ వచ్చాక డెక్కన్ ఛార్జర్స్‌ని చేర్చారు, 2013లో సన్‌రైజర్స్ వచ్చాక మళ్లీ మార్చారు.

టీవీలో కనిపించే జట్లయితే సులువే. చిక్కంతా రంజీ ఆటగాళ్లతోనే. ఎవరిది ఎడమచేతి వాటం, ఎవరి బంతి ఎంత వేగం... పేపర్లో స్కోరు చూసి ఏం తెలుస్తుంది? 2015లో హైదరాబాద్ రంజీ జట్టులోకొచ్చిన సిరాజ్‌కి అప్పుడెన్ని మార్కులు వేయాలి? 2020 డిసెంబరులో అతను మెల్‌బోర్న్‌లో టెస్టు ఆడేశాడు. మళ్లీ దిద్దాలి మరి!