గైడు ఉంటే గొప్ప తగ్గుతుందా?

గైడు వెంట నడిచి, షెర్పాలు తాళ్లు కట్టిపెడితే ఎవరెస్టు ఎవడైనా ఎక్కుతాడని హాస్టల్లో కొందరు మిత్రుల వాదన. నాకది మింగుడుపడదు.

మన పొరుగు నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ 2014 మే 25న ఆ శిఖరం ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లయినా నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. తొలి పాఠం భువనగిరి గుట్ట మీద, ఆపైన డార్జిలింగులో, లడఖ్‌లో. శిఖరం మీద గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదాంట్లో మూడోవంతే. దానికి ఒళ్లు అలవాటుపడాలంటే, రక్తంలో ఎర్రకణాలు పెరగాలంటే వారాలు పడుతుంది. షెర్పా సిలిండరు మోస్తాడు గాని మన ఊపిరి తాను పీల్చడు గదా!

అయితే షెర్పాలను మరిచిపోవడం అన్యాయం. అదే ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది నేపాలీ పనివాళ్లు చనిపోయారు. సన్మాన సభల్లో వాళ్ల ఊసేది? పంట మాదంటం, నాటేసిన కూలోళ్ల పేర్లు ఎవరడుగుతరు?

యూనియన్ వారికి నా మనవి ఒకటే. ఈ ఏటి విహారయాత్ర పైసల్లోంచి కొంత తీసి పదిమందిని భువనగిరి గుట్టకు శిక్షణకు పంపండి. అందులో ఐదుగురు అమ్మాయిలుండాలి.