పీచుమిఠాయి వాసనే... అయితే ఏంటట?

సెంట్ల గురించి నాలుగు ముక్కలు తెలిసినవాళ్ళ దగ్గర "నాకు తియ్యటి వాసనలిష్టం" అని చెప్పి చూడండి. వెంటనే ఓ జాలిచూపు పడుతుంది. ఔద్ అంటే గౌరవం, గంధం అంటే గౌరవం, వట్టివేరంటే మరీను. అనాస, కొబ్బరి, పీచుమిఠాయి అంటే మాత్రం "చిన్నపిల్లల వ్యవహారం" అని ఒక్కమాటలో తేల్చేస్తారు. నా పేచీ అంతా ఆ తీర్పుతోనే.

ఎస్కాడా అని ఓ జర్మన్ ఫ్యాషన్ కంపెనీ ఉంది. 1993లో షిఫాన్ సోర్బే అనే వేసవి సెంటు తెచ్చింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి దాదాపు ప్రతి వేసవికీ ఓ కొత్త సీసా! 2005లో వచ్చిన రాకిన్ రియోలో అనాసా కొబ్బరీ. 2011లో వచ్చిన తాజ్ సన్‌సెట్‌లో మామిడిపండు (తాజ్‌కీ మామిడికీ సంబంధమేంటని నన్నడక్కండి :)). పేర్లూ, సీసాల రంగులూ చూస్తే గోలీసోడా బండి గుర్తొస్తుంది. అవేమీ గంభీరంగా ఉన్నట్టు నటించవు. నాకు నచ్చేది అదే.

సరదాగా ఉందంటే చెయ్యడం తేలికని కాదు. అసలు పంచదారకి వాసనే లేదు, కావాలంటే డబ్బా మూత తీసి చూడండి. సెంట్లలో మనకి తగిలే ఆ పీచుమిఠాయి వాసన ఎక్కువగా ఇథైల్ మాల్టాల్ అనే రసాయనానిది. 1992లో థియరీ మ్యూగ్లర్ పేరుతో వచ్చిన ఏంజెల్‌లో దాన్ని పచౌలితో కలిపి దట్టంగా వాడారు. ఆ దారిలో తియ్యటి సెంట్లది ఓ పెద్ద కుటుంబమే తయారైంది.

ఎండాకాలంలో చిక్కేంటంటే, నిమ్మ, నారింజ లాంటి తేలికపాటి వాసనలు వేడికి ఇట్టే ఎగిరిపోతాయి. వెనిల్లా, పంచదార పాకం లాంటివి మాత్రం ఒంటిని పట్టుకుని కూర్చుంటాయి. పాళ్ళు కాస్త తప్పితే మధ్యాహ్నానికి మిఠాయి కొట్లో ఇరుక్కున్నట్టుంటుంది. పుల్లటి పండ్ల వాసనతో ఆ తీపిని తేలిగ్గా నిలబెట్టడం మంచి పనితనమే కదా!

ఇంకోమాట. మన మల్లెపూల వాసనలో ప్రధానమైన వాటిల్లో బెంజైల్ ఎసిటేట్ ఒకటి. తీపి, కాస్త పండు వాసన దానిది. వేసవి సాయంత్రం మూర మల్లెలు కొనుక్కునే మనం తీపిని తక్కువ చెయ్యడమేంటి? మల్లెలో ఇండోల్ కూడా ఉంది, అందుకే దానికి లోతుంది అంటారా? ఒప్పుకుంటా. కానీ ప్రతి వాసనకీ లోతెందుకండీ? తాటిముంజెలో లోతు వెతుకుతామా?

అసలు గొడవ వాసనది కాదనిపిస్తుంది. మన ఆఫీసుల్లో "ప్రొఫెషనల్" అనే మాటకి ఓ యూనిఫాం ఉంది. మగాళ్ళకి సముద్రం బొమ్మేసిన నీలం సీసా, ఆడాళ్ళకి "మరీ తియ్యగా వద్దు, క్యూట్ అనుకుంటారు" అనే సలహా. రాత్రి రెండింటికి ప్రొడక్షన్ సమస్య తీర్చిన అమ్మాయి దగ్గర కొబ్బరి వాసనొస్తే ఆమె రాసిన కోడ్ విలువ తగ్గుతుందా? మనుషుల సమర్థతని వాసనచూసి అంచనా వేసే అలవాటు పిల్లతనం గానీ, ఆ సెంటు కాదు.

అలాగని బుడ్డి ఒలకబోసుకుని రమ్మనట్లేదు. ఏసీ హాల్లో పక్కవాడికి పారిపోయే దారి ఉండదు. తలనొప్పి ఉన్నవాళ్ళుంటారు. ఒక్కసారి కొట్టుకుంటే చాలు.

చివరగా ఆ "లిమిటెడ్ ఎడిషన్" సంగతి. అది వ్యాపారం ఎత్తే, మళ్ళీ దొరకదన్న భయాన్ని అమ్మడమే. అలాగని బ్యాకప్ కింద మూడు సీసాలు కొని బీరువాలో దాచారంటే వాళ్ళ వల్లో పడ్డట్టే. ఒకటి కొనండి, ఆ ఎండాకాలం హాయిగా వాడేయండి. అయిపోతే అయిపోనివ్వండి. మామిడిపళ్ళ సీజన్ అయిపోయిందని మనం ఎవరికీ టికెట్ రెయిజ్ చెయ్యం కదా :)