ఫార్మాట్ మరమ్మతు కాదు

ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల్లో కంప్యూటర్లు బాగుచేసే దుకాణాల్లోనూ ఇంజనీరింగ్ విద్యార్థుల గదుల్లోనూ లినక్స్ గురించి ఒక అభిప్రాయం పాతుకుపోయి ఉంది. లినక్స్ ఎక్కించిన సిస్టమ్‌లో గ్రాఫిక్స్ కార్డు సరిగా పనిచేయదని, పనిచేయాలంటే కార్డు తయారుచేసిన కంపెనీ వెబ్‌సైటు నుంచి అన్నిటికన్నా కొత్త డ్రైవర్ తెచ్చి ఎక్కించాలని, ఎక్కించాక తెర నల్లబడితే ఫార్మాట్ కొట్టడం తప్ప గత్యంతరం లేదని ఆ అభిప్రాయం సారాంశం. ఈ మూడు మాటలూ తప్పే. మొదటిది కార్డు ఏ కంపెనీదో చూడకుండానే చేసే తీర్మానం; రెండోది విండోస్ అలవాటును అది చెల్లని చోటికి మోసుకురావడం; మూడోది, అన్నిటికన్నా హానికరమైనది, జరిగిన పొరపాటుకు మిగిలి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని చెరిపేసి ఆ పనికి మరమ్మతు అని పేరు పెట్టడం.

ఈ అభిప్రాయాన్ని ఖండించవలసిన అవసరం ఇదివరకటికన్నా ఇప్పుడు ఎక్కువైంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు ముగిసింది, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేని యంత్రాలకు, ఎనిమిదో తరానికి ముందటి ఇంటెల్ ప్రాసెసర్లున్న అత్యధిక యంత్రాలకు విండోస్ 11 అధికారికంగా అందదు కనుక, ఇంకా చక్కగా పనిచేస్తున్న ఎన్నో డెస్క్‌టాప్‌లకు మిగిలిన సురక్షితమైన దారుల్లో లినక్స్ ముఖ్యమైనది అయింది. మరోవైపు 2008లో నూజివీడులో ట్రిపుల్ ఐటీ, 2015లో తాడేపల్లిగూడెంలో ఎన్‌ఐటీ వచ్చాక, వాటితోపాటు చుట్టుపక్కల కళాశాలల్లో మెషిన్ లెర్నింగ్ చదివేవారు పెరిగాక, ఎన్విడియా కార్డున్న ల్యాప్‌టాప్ కొని అందులో విండోస్ పక్కనే ఉబుంటు అనే లినక్స్ రకాన్ని ఎక్కించుకోవడం మామూలైంది. ఆ కార్డు చేత లెక్కలు చేయించే కుడా అనే సాధనసామగ్రికి డ్రైవర్ సరిగా నిలబడడమే పునాది. పాత డెస్క్‌టాప్ యజమానికీ కొత్త ల్యాప్‌టాప్ విద్యార్థికీ అవసరాలు వేరు, కార్డులు వేరు, చెడిన కారణాలు వేరు. అందే సలహా మాత్రం ఒకటే.

డ్రైవర్ అంటే ఒకే ఫైలు అనుకోవడంలోనే పొరపాటు మొదలవుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నల్‌లోకి ఎక్కి కార్డుతో నేరుగా మాట్లాడే భాగాన్ని మాడ్యూల్ అంటారు. కార్డు లోపలే నడిచే చిన్న ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. అప్లికేషన్లు బొమ్మ గీయమని అడిగినప్పుడు ఆ కోరికను కార్డు భాషలోకి మార్చేవి లైబ్రరీలు. వీటన్నిటి మీద కూర్చుని విండోలను తెరమీద పేర్చేది వేలాండ్ లేక ఎక్స్ అనే ప్రదర్శన వ్యవస్థ. ఈ వరుసలో ఎక్కడ తెగినా చివరికి కనిపించేది నల్లతెరే. కొల్లేటి లంకల్లోకి నీరు వచ్చినప్పుడు ఆ సీమ ఎరిగినవారు సరస్సును తిట్టి ఊరుకోరు; బుడమేరు, తమ్మిలేరు ఎంత నీరు తెస్తున్నాయో చూస్తారు, ఆ నీరు సముద్రంలోకి పోవలసిన దారి అయిన ఉప్పుటేరు ఎక్కడ పూడిందో, ఎక్కడ అడ్డుకట్ట పడిందో గట్టు వెంట నడిచి వెతుకుతారు. నల్లతెర విషయంలో చేయవలసినదీ ఆ నడకే, పైగా అది అంత దూరం కూడా కాదు.

తెర నల్లబడినంత మాత్రాన యంత్రం చచ్చిపోయినట్టు కాదు. చాలా సందర్భాల్లో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కితే అక్షరాలు మాత్రమే కనిపించే తెర వచ్చి, పేరూ పాస్‌వర్డూ అడుగుతుంది. అక్కడ ఎల్‌ఎస్‌పీసీఐ అనే ఆదేశాన్ని కే అనే సూచికతో ఇస్తే యంత్రంలో ఏ కార్డు ఉందో, దాన్ని ఈ క్షణాన ఏ డ్రైవర్ నడుపుతున్నదో వరుసగా చూపిస్తుంది. ఏ డ్రైవర్ పేరూ లేకపోతే మాడ్యూల్ ఎక్కనే లేదన్నమాట. జర్నల్‌సీటీఎల్ అనే మరో ఆదేశం, యంత్రం మొదలైనప్పటి నుంచి కెర్నల్ రాసుకున్న దినచర్య మొత్తాన్ని ముందు పెడుతుంది. కిందటిసారి మొదలైనప్పటి దినచర్య కూడా సాధారణంగా డిస్కులో భద్రంగా ఉంటుంది, అయితే ఫార్మాట్ కొట్టిన మరుక్షణం అది పోతుంది.

లినక్స్‌లో గ్రాఫిక్స్ రాదన్న మాట ఇంటెల్, ఏఎండీ కార్డుల దగ్గర నిలవదు. పాత డెస్క్‌టాప్‌లలో ప్రాసెసర్‌తోపాటే వచ్చే ఇంటెల్ గ్రాఫిక్స్‌కు మాడ్యూల్ కెర్నల్‌లోనే ఉంది, లైబ్రరీలు 1993లో బ్రయాన్ పాల్ మొదలుపెట్టిన మెసా ప్రాజెక్టులో ఉన్నాయి. ఏటీఐ కంపెనీని 2006లో కొన్న ఏఎండీ, ఆ మరుసటి ఏడాది నుంచి తన కార్డుల సాంకేతిక వివరాలను బయటపెట్టసాగింది. 2015లో వచ్చిన 4.2 కెర్నల్‌తో ఏఎండీజీపీయూ డ్రైవర్ కెర్నల్‌లో భాగమైంది. ఈ కార్డులకు సాధారణంగా తెచ్చి ఎక్కించవలసినదంటూ ఏమీ లేదు. కార్డు కన్నా కెర్నల్ పాతదైనప్పుడే చిక్కు వస్తుంది. ఉదాహరణకు 2022లో వచ్చిన ఇంటెల్ ఆర్క్ కార్డులకు ప్రత్యేక సూచికలేవీ లేకుండా మద్దతు లభించినది 6.2 కెర్నల్ నుంచి కనుక, అంతకు ముందటి కెర్నల్ ఉన్నవారికి కావలసినది కొత్త కెర్నల్. డ్రైవర్ కోసం వెబ్‌సైట్లు గాలించడం కాదు.

అసలు కథ ఎన్విడియాది, ప్రచారంలో ఉన్న సలహా అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేదీ అక్కడే. కెర్నల్ లోపలి అమరికలు ఒక విడుదలకూ మరో విడుదలకూ మారుతూ ఉంటాయి. వాటిని స్థిరంగా ఉంచబోమన్నది కెర్నల్ రచయితలు తెలిసి తీసుకున్న నిర్ణయం. మాడ్యూల్ కెర్నల్‌లోనే ఉంటే, అమరిక మార్చినవారే దాన్నీ సరిచేస్తారు గనుక ఎవరికీ ఇబ్బంది ఉండదని వారి వాదన. ఎన్విడియా మాడ్యూల్ బయట ఉంది కాబట్టి కెర్నల్ మారిన ప్రతిసారీ దాన్ని ఆ కెర్నల్‌కు తగ్గట్టు మళ్ళీ కంపైల్ చేయాలి. ఆ పనిని తనంతట తానే చేయడానికి డీకేఎంఎస్ అనే ఏర్పాటు ఉంది. ఉబుంటు వంటి వ్యవస్థలు తాము ముందే కంపైల్ చేసి సంతకం పెట్టిన మాడ్యూళ్ళను కూడా తమ సొంత భాండాగారం నుంచి అందిస్తాయి. కంపెనీ వెబ్‌సైటు నుంచి తెచ్చిన ఇన్‌స్టాలర్ ఈ ఏర్పాటును పక్కకు తప్పించి తన ఫైళ్ళను నేరుగా వ్యవస్థలోకి దించుతుంది. ఆ రోజుకు అంతా బాగానే ఉంటుంది. కొన్ని వారాలకు కెర్నల్ అప్‌డేట్ వచ్చాక, ఎక్కించేటప్పుడు డీకేఎంఎస్‌ను ఎంచుకోనివారి యంత్రంలో కొత్త కెర్నల్‌కు తగిన మాడ్యూల్ ఉండదు, తెర నల్లబడుతుంది, ‘అప్‌డేట్ వల్ల లినక్స్ పాడైంది’ అన్న మాట మాత్రం నిలిచిపోతుంది.

డీకేఎంఎస్ ఉన్నా కంపైలింగ్ విఫలం కావచ్చు, కాని అది కూడా చెప్పకుండా జరగదు. ఉబుంటు 22.04లో 6.5 కెర్నల్ వచ్చినప్పటి ఉదంతం ఇందుకు మంచి ఉదాహరణ. ఆ కెర్నల్‌ను జీసీసీ 12 కంపైలర్‌తో తయారుచేశారు. ఆ విడుదలలో మామూలుగా ఉండేది జీసీసీ 11. కొత్త కెర్నల్ కోరే ఒక సూచిక పాత కంపైలర్‌కు తెలియదు కనుక మాడ్యూల్ తయారు కాలేదు. ఇటువంటి సందర్భంలో వార్ డైరెక్టరీలోని లిబ్‌లో డీకేఎంఎస్ ఫోల్డరు తెరిచి, అక్కడ మేక్ లాగ్ అనే ఫైలు చదివితే ‘ఈ సూచిక నాకు తెలియదు’ అని కంపైలర్ చెప్పిన వాక్యం స్పష్టంగా కనబడుతుంది. జీసీసీ 12 ఎక్కించి మాడ్యూల్‌ను మళ్ళీ కంపైల్ చేయిస్తే చిక్కు తీరుతుంది. అంతవరకూ గ్రబ్ అనే ప్రారంభ పట్టికలో పాత కెర్నల్‌ను ఎంచుకుని పని సాగించుకోవచ్చు. ఫార్మాట్ కొట్టి అదే విడుదలను అవే అప్‌డేట్లతో మళ్ళీ ఎక్కిస్తే అదే కెర్నల్, అదే కంపైలర్ వచ్చి చేరతాయి.

సెక్యూర్ బూట్ వల్ల వచ్చే వైఫల్యం ఇంతకన్నా తరచుగా ఎదురవుతుంది, ఇంతకన్నా తరచుగా అపార్థమవుతుంది. యంత్రం మొదలయ్యేటప్పుడు నమ్మకమైన సంతకం లేని ప్రోగ్రామును నడవనివ్వకపోవడమే సెక్యూర్ బూట్; అది పనిచేస్తున్నప్పుడు ఉబుంటు కెర్నల్ కూడా సంతకం లేని మాడ్యూళ్ళను తిరస్కరిస్తుంది. సొంత యంత్రంలో కంపైల్ అయిన మాడ్యూల్‌కు సంతకం చేయడానికి ఒక తాళంచెవి అక్కడికక్కడే తయారవుతుంది, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమని వ్యవస్థ అడుగుతుంది, రీస్టార్ట్ కాగానే నీలిరంగు తెర వచ్చి ఆ తాళంచెవిని నమోదు చేయమంటుంది. ఆ తెర పది సెకన్లు మాత్రమే ఆగుతుంది. ఈలోగా ఏ మీటా నొక్కకపోతే నమోదు జరగకుండానే యంత్రం ముందుకు సాగిపోతుంది. నీలి తెర అనగానే విండోస్ నేర్పిన భయం ఒకటి ఉండనే ఉంది గనుక, చాలామంది దాన్ని చూసి కూడా కంగారుపడి వదిలేస్తారు. ఆ తరువాత మాడ్యూల్ ఎక్కబోయి ‘కీ వజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అనే ఒక్క వాక్యంతో వెనుదిరుగుతుంది. నమోదైన తాళంచెవుల పట్టిక ఉండేది మదర్‌బోర్డులోని జ్ఞాపకంలో, డిస్కులో కాదు. డిస్కును ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా ఆ పట్టికలోకి కొత్త తాళంచెవి చేరదు. కావలసినది నమోదును మళ్ళీ అడిగించి, నీలి తెర ముందు ఆ పది సెకన్లు అప్రమత్తంగా ఉండడం. కొన్ని దుకాణాల్లో సెక్యూర్ బూట్‌నే ఆపేస్తారు. తెర వస్తుంది, నిజమే. కాని పక్కనే ఉన్న విండోస్ డిస్కు బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంటే, అది ఈ మార్పును పసిగట్టి 48 అంకెల రికవరీ కీ అడిగే ప్రమాదం ఉంది, పరీక్షల ముందు ఆ తెర చూసిన విద్యార్థి పడే అవస్థ చిన్నది కాదు.

కొత్త డ్రైవరే మంచిదన్న నమ్మకం కూడా ఇంత నష్టమే చేస్తుంది. చవక డెస్క్‌టాప్‌లలో కనిపించే జీటీ 710 వంటి కెప్లర్ తరం కార్డులకు 470 శ్రేణి డ్రైవరే చివరిది. అంతకు ముందటి ఫెర్మీ తరానికి 390. జీటీఎక్స్ 1050 వంటి పాస్కల్ తరానికి 580. అంతకన్నా కొత్త శ్రేణిని ఎక్కిస్తే ఆ డ్రైవర్ ఆ కార్డును గుర్తించనే గుర్తించదు. ఇటు చివర ఆర్‌టీఎక్స్ 50 వరుస కార్డులు ఎన్విడియా మూలరచనతో విడుదల చేసిన ఓపెన్ మాడ్యూళ్ళతో మాత్రమే పనిచేస్తాయి. ఏ కార్డుకు ఏ శ్రేణి అన్న లెక్కను ఉబుంటు భాండాగారం తానే చూసుకుని, ‘అడిషనల్ డ్రైవర్స్’ అనే విండోలో సిఫారసుతో సహా చూపిస్తుంది. ఆ విండో తెరవకుండా వెబ్‌సైటుకు పరుగెత్తడం చొరవగా చెలామణి అవుతోంది.

నల్లతెరను దాటడానికి నోమోడ్‌సెట్ అనే సూచికను కెర్నల్‌కు ఇచ్చి, దాన్ని శాశ్వతంగా వదిలేయడం మరో అలవాటు. అది కార్డు జోలికి పోవద్దని కెర్నల్‌కు చెప్పే మాట. లోపలికి ప్రవేశించి తప్పు సరిచేసుకోవడానికి ఒకసారి వాడవలసినది. వదిలేస్తే బొమ్మలు గీసే భారమంతా ప్రాసెసర్ మీద పడి యంత్రం నత్తనడక నడుస్తుంది, ఆ నింద కూడా లినక్స్‌కే చుట్టుకుంటుంది.

ఎన్విడియా వైపు తప్పు లేదని ఇక్కడ ఎవరూ అనడం లేదు. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లైనస్ టోర్వాల్డ్స్ ఆ కంపెనీని బహిరంగంగా దుయ్యబట్టడానికి కారణం దాని మూసుకున్న ధోరణే. స్వచ్ఛంద రచయితలు కార్డు ప్రవర్తనను గమనించి కష్టపడి రాసిన నూవో డ్రైవర్‌కు, 2014 తరువాతి కార్డుల్లో సంతకం చేసిన ఫర్మ్‌వేర్‌ను తప్పనిసరి చేసి చేతులు కట్టేసింది కూడా ఆ కంపెనీయే. 2022 మే నెలలో, ట్యూరింగ్ తరం నుంచి కెర్నల్ మాడ్యూళ్ళ మూలరచనను విడుదల చేసింది. అది ఎప్పుడో చేయవలసిన పని. అలాగే అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మీద నడిచే డీటీపీ దుకాణం లినక్స్‌కు మారలేకపోవడం నిజమైన ఇబ్బందే. అయితే దానికీ గ్రాఫిక్స్ డ్రైవర్‌కూ సంబంధం లేదు. రెండిటినీ కలగలిపి లినక్స్ సామాన్యులకు పనికిరాదని తేల్చేయడం అన్యాయం. కేరళలో ప్రభుత్వ పాఠశాలల కంప్యూటర్ ల్యాబులు ఏళ్ళ తరబడి లినక్స్ మీదే నడుస్తున్నాయి, అక్కడి ఉపాధ్యాయులూ పిల్లలూ సామాన్యులే.

ఇక, గంటలో ఫార్మాట్ అయిపోతుంటే లాగులు చదువుతూ కూర్చునే తీరిక ఎవరికుందన్న ప్రశ్న మిగిలింది. దుకాణదారుకు ఆ గంట కూలి గిట్టవచ్చు గాని, విద్యార్థికి అదే వైఫల్యం మరుసటి అప్‌డేట్‌కు తిరిగి వస్తుంది, ఈలోగా బ్యాకప్ లేని ప్రాజెక్టు పని కూడా పోయి ఉంటుంది. నాలుగేళ్ళు కంప్యూటర్ సైన్స్ చదివినవారు తమ యంత్రం తమకు రాసిపెట్టిన వాక్యాన్ని చదవకుండా చెరిపేయడానికి అలవాటు పడితే, రేపు ఉద్యోగంలో సర్వర్ ఆగిపోయినప్పుడూ వారి చెయ్యి అటువైపే పోతుంది. ఈ జిల్లాల ఇంజనీరింగ్ కళాశాలలు ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబులో ఒక ప్రయోగాన్ని చేర్చాలి: కావాలని తాళంచెవి నమోదు చేయకుండా, లేదా కంపైలర్ తప్పించి, డ్రైవర్ చెడగొట్టిన యంత్రాన్ని విద్యార్థి ముందు పెట్టి, కారణం చెప్పిన లాగు వాక్యాన్ని రికార్డు పుస్తకంలో రాసి, ఆ తరువాతే సరిచేయమనాలి. ఫార్మాట్ కొట్టి తెర తెప్పించినవారికి ఆ ప్రయోగంలో మార్కులు ఇవ్వకూడదు.