గైడులో లేని జవాబుకూ మార్కులుండాలి: ఇంటర్ బోర్డుకు బహిరంగ లేఖ

తెలంగాణ ఇంటర్మీడియట్ విద్యా మండలి కార్యదర్శి గారికి,



ఈ లేఖ పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ద్వితీయ భాషగా తెలుగు చదువుతున్న ఇంటర్ విద్యార్థుల గురించి. వాళ్ళలో పద్యం మీద ప్రాణం పెట్టేవాళ్ళున్నారు, కథల పుస్తకం దొరికితే పూర్తయ్యేదాకా కింద పెట్టనివాళ్ళున్నారు. అలాంటివాళ్ళకు కూడా ఒక పద్యాన్ని తమంతట తాము చదువుకుని, తమకు తోచింది రుజువులతో రాయాల్సిన అవసరం పరీక్షలో ఎదురు కావడం లేదు.

ప్రశ్నపత్రం సంగతి మండలికి తెలియంది కాదు. ప్రతిపదార్థ తాత్పర్యాలు, పాఠం మీద వ్యాసరూప సమాధానం, సందర్భ సహిత వ్యాఖ్య. వ్యాఖ్య అన్న పేరే గానీ, కవి పరిచయం, సందర్భం, అర్థం, వివరణ అని వరసగా ఉపశీర్షికలు పెట్టి గైడులో ఉన్నది దించితే పని అయిపోతుంది. పిల్లలను తప్పు పట్టలేం. లెక్చరర్లను అసలే పట్టలేం. పేపర్ ఏది అడిగితే తరగతిలో అదే చెబుతారు. ఇక మార్కులు తేలిగ్గా వస్తాయని తెలుగు వదిలి సంస్కృతం వైపు వెళ్ళేవాళ్ళ సంగతి అందరూ ఎరిగిందే.

గైడు జవాబుకూ సొంత జవాబుకూ తేడా ఎక్కడుంటుందో చూడటానికి పోతన భాగవతంలోని గజేంద్రమోక్షం చాలు. ఏనుగు మొర విని విష్ణువు వైకుంఠం నుంచి బయలుదేరే పద్యం తెలుగువాళ్ళలో చాలామందికి కంఠతా వచ్చు. దాని మీద గైడు ఏం రాస్తుంది? కవి భగవంతుడి భక్తవాత్సల్యాన్ని రమ్యంగా, హృద్యంగా వర్ణించాడనీ, ఇది ఆయన ప్రతిభకు నిదర్శనమనీ రాస్తుంది. అబద్ధమేమీ కాదు. అయితే ఆ రెండు మాటలూ ఏ భక్తి పద్యానికైనా అతుకుతాయి. పద్యం చదవకుండా కూడా రాసేయొచ్చు.

అదే పద్యాన్ని కాస్త ఆగి చూడమంటే పదహారేళ్ళ అమ్మాయికి ఏం కనబడుతుంది? ముందుగా క్రియలు కనబడతాయి. స్వామి పరుగెత్తాడని కవి ఎక్కడా అనడు. స్వామి ఏమేం చేయలేదో చెబుతాడు. లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రాలు అందుకోలేదు, పరివారాన్ని పిలవలేదు, గరుడుణ్ణి సిద్ధం చేయించలేదు, చెవుల మీదికి జారిన జుట్టు సర్దుకోలేదు, ప్రణయ కలహంలో పట్టుకున్న లక్ష్మి పైట కొంగు వదల్లేదు. ఇలా ఆరు ‘లేదు’లు. తొందరను తొందర అని చెప్పకుండా చూపించడం అంటే ఇదే. ఇంకొంచెం నిదానించిన విద్యార్థికి మరో సంగతీ తడుతుంది. మొదటి అయిదూ చేయడం మరిచిన పనులు, ఆరోది వదలడం మరిచిన పని. కొంగు చేతిలోనే ఉంది కాబట్టి లక్ష్మి కూడా వెంట రాక తప్పదు. ఏనుగు ప్రాణం కాపాడాలన్న ఆరాటమే ఇంతకూ కారణమని తెలిసేది పద్యం చిట్టచివర. అప్పటిదాకా చదివేవాడికీ ఊపిరి తిప్పుకునే వ్యవధి ఉండదు. ఈ నాలుగు మాటలూ రాయగలిగిన పిల్ల సాహిత్య విశ్లేషణ రాసినట్టే. అలంకారాల పేర్లు తర్వాత నేర్చుకోవచ్చు.

ఇలాంటి చదువు ఈ నేలకు కొత్త కాదు. భాగవతాన్ని అంకితమిమ్మని పోతనను అడిగారని చాటుకథల్లో వినిపించే రాచకొండ రాజుల వంశంలోనే, 14వ శతాబ్ది చివర, సర్వజ్ఞ సింగభూపాలుడు సంస్కృతంలో ‘రసార్ణవసుధాకరం’ రాశాడు. రసమంటే ఏమిటి, నాయకుడెలా ఉండాలి, నాటకం ఎలా నడవాలి అని చర్చిస్తూ కావ్యనాటకాల నుంచి ఉదాహరణలు తెచ్చి చూపించిన గ్రంథమది. ఆ రాచకొండ 2016 దాకా నల్లగొండ జిల్లాలోనే ఉంది, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. దాని చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కాలేజీకి వచ్చే పిల్లలకు ఈ సంగతి ఎవరు చెబుతున్నారు?

పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు చూస్తే సురవరం ప్రతాపరెడ్డి ఉన్నారు. తెలంగాణలో కవులు లేరన్న మాట వినబడితే ఆయన కోపంతో ఒక వ్యాసం రాసి ఊరుకోలేదు. 354 మంది కవుల రచనలు సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. వాదన అంటే రుజువులు ముందుంచడమని చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం మరొకటి దొరకదు. ఆ తర్వాత ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఆయన పాత కావ్యాలను ఇంకో కంటితో చదివారు. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు, వేటిని నమ్మారు అని పద్యాలను అడిగి జవాబులు రాబట్టారు. 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది ఆ పుస్తకానికే. పద్యాన్ని ప్రశ్నలడిగే ఆ పద్ధతి ఇంటర్ తరగతి గదిలోకి రావాలి.

అందుకే మండలికి ఈ విన్నపం. ద్వితీయ భాష తెలుగు పేపర్లో పాఠ్యపుస్తకంలో లేని ఒక పద్యమో, గేయమో, చిన్న కథలోంచి ఒక పేజీయో ఇవ్వండి. కఠిన పదాలకు అర్థాలు కిందే ఇవ్వండి. ‘ఇది నీకు ఏ భావం కలిగించింది, ఏ మాటల వల్ల కలిగించింది’ అని అడగండి. పదో తరగతిలో అపరిచిత గద్యం చదివి జవాబులు రాసిన పిల్లలే వీళ్ళు. అవగాహన-ప్రతిస్పందన అన్న శీర్షిక బడి పుస్తకాల్లో వాళ్ళకు అలవాటే. బడిలో మొదలైన పని ఇంటర్‌కు వచ్చేసరికి ఆగిపోతోంది.

తలా ఒక రకంగా రాస్తే స్పాట్ వాల్యుయేషన్‌లో ఎలా దిద్దాలన్నది న్యాయమైన సందేహం. అమెరికాలో హైస్కూలు పిల్లలు రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఇంగ్లిష్ లిటరేచర్ పరీక్షలో ఒక్కో వ్యాసానికి 6 పాయింట్లు. సొంత ప్రతిపాదనకు 1, రచనలోంచి చూపిన ఆధారాలకూ వాటి వివరణకూ కలిపి 4, ఆలోచనలోని లోతుకు 1. ఎక్కువ బరువు ఎక్కడ పెట్టారో గమనించండి. అభిప్రాయం ఏదన్నది కాదు, దాన్ని వ్యాసం నిలబెట్టిందా లేదా అన్నదే దిద్దేవాళ్ళు చూస్తారు. పరీక్ష అయ్యాక విద్యార్థులు రాసిన నమూనా వ్యాసాలను, వాటికి ఎన్ని పాయింట్లు ఎందుకు వచ్చాయో వివరణతో సహా అందరికీ అందుబాటులో ఉంచుతారు. ఇక్కడా పేర్లు తీసేసి అలాంటి జవాబులు ఓ పది ప్రచురిస్తే లెక్చరర్లకు, పిల్లలకు అంతకన్నా మంచి గైడు ఉండదు.

దిద్దేవాళ్ళకిచ్చే సూచనల్లో ఇంకో మాట చేర్చాలి. విద్యార్థి తన ఊరి తెలుగులో రాస్తే మార్కులు తగ్గించకూడదు. ఊరి తెలుగులోనే రాసే కవి గోరటి వెంకన్న ‘వల్లంకి తాళం’కు 2021లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయనది నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారం. పాలమూరు పిట్టలు, చెట్లు, వాగులు ఆ కవిత్వంలో పేరు పేరునా పలుకుతాయి. ఆ పేర్ల వెనకున్న బతుకు గైడు రాసినాయన కంటే అచ్చంపేట పిల్లగానికే బాగా ఎరుక. ఆ ఎరుకను జవాబులో పెడితే అది ఆధారమే అవుతుంది, పాఠం దాటి పోయినట్టు కాదు.

దీన్ని రాష్ట్రమంతటా ఒకేసారి తేవడం కష్టమైతే ఈ రెండు పాత జిల్లాల ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో అంతర్గత పరీక్షగా మొదలుపెట్టవచ్చు. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఉంది, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉంది. వేసవి సెలవుల్లో లెక్చరర్లను అక్కడ కూర్చోబెట్టి నమూనా ప్రశ్నలు తయారు చేయించవచ్చు. గోలకొండ కవుల సంచికలోనే కావలసినన్ని పద్యాలున్నాయి. జూన్‌లో కాలేజీలు తెరిచేలోగా ఒక్క నమూనా ప్రశ్నపత్రం విడుదల చేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
నల్లగొండ, పాలమూరు జిల్లాల తెలుగు పాఠకుల తరఫున